వంటింట్లో, పెరట్లో ఆకారాల వేట: పిల్లలతో ఎలా చేయాలి?

"ప్రకృతిలో జ్యామితి ఆకారాలు అని బడిలో ప్రాజెక్టు ఇచ్చారండీ, ఏం చూపించమంటారు?" సంక్రాంతి సెలవులకు ముందు ఒకసారి, వేసవి సెలవులకు ముందు ఇంకోసారి ఈ ప్రశ్న నాకు తప్పదు. అడిగేవాళ్ళలో చాలామంది అప్పటికే కలర్ ప్రింట్లు తీయించేసి ఉంటారు. ఒక తేనెపట్టు, ఒక మంచు రేణువు, ఒక నక్షత్ర చేప. చార్టుకి మార్కులు వస్తాయి, కాదనను. కానీ ఆ పిల్లాడు ఆ మూడింటిలో ఒక్కదాన్నీ ముట్టుకుని ఎరగడు. అదే పిల్లాడి ఇంట్లో ఫ్రిజ్ అడుగు అరలో పావుకిలో బెండకాయలు ఉంటాయి.

కింద రాసింది 5 నుంచి 10 ఏళ్ళ పిల్లల కోసం. అంతా ఒక్క రోజులో చేయకండి. రోజుకో మెట్టు, అరగంట మించకుండా. ఊరు, అపార్ట్‌మెంటు తేడా లేదు. సగానికి పైగా పని వంటింట్లోనే అయిపోతుంది.

కావలసినవి

- కూరగాయలు: బెండకాయలు ఓ పది, ఒక బీరకాయ, ఒక కీరదోస, ఒక నిమ్మకాయ, బాగా పండిన అరటిపండు
- వాటర్ కలర్స్ (లేకపోతే పసుపు కలిపిన నీళ్ళు), తెల్ల కాగితాలు, పెన్సిల్
- ఫ్రేము లేని చిన్న అద్దం ముక్క. అంచులకు టేపు అంటించండి, లేకపోతే వేళ్ళు కోసుకుంటాయి
- భూతద్దం. లేకపోతే ఫోన్ కెమెరా జూమ్ చాలు
- రాళ్ళ ఉప్పు, నల్ల ప్లేటు
- ఏడు రూపాయి బిళ్ళలు
- "మూల కాగితం": ఏదైనా పనికిరాని కాగితాన్ని ఒకసారి మడవండి. ఆ మడత గీత దాని మీదికే వచ్చేలా ఇంకోసారి మడవండి. వచ్చిన మూల కచ్చితంగా 90 డిగ్రీలు. ప్రొట్రాక్టర్ అక్కర్లేదు, జేబులో పడుతుంది

1. బెండకాయతో మొదలుపెట్టండి

కోయకముందు పిల్లల కళ్ళు మూయించి కాయ చేతికివ్వండి. వేలితో చుట్టూ తడిమి గట్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టమనండి. లెక్క తప్పుతారు, ఎక్కడ మొదలుపెట్టారో మర్చిపోతారు కాబట్టి. మొదలుపెట్టిన గట్టు మీద పెన్నుతో చుక్క పెట్టుకోవచ్చని వాళ్ళకే తట్టేదాకా ఆగండి. తర్వాత "అడ్డంగా కోస్తే లోపల ఎలా ఉంటుందో బొమ్మ గియ్యి" అనండి. బొమ్మ అయ్యాకే మీరు కోయండి.

కోసిన ముక్కకు జిగురు ఉంటుంది. గుడ్డతో తుడిచి పది నిమిషాలు ఆరనివ్వండి, ఆ తర్వాతే రంగులో అద్ది కాగితం మీద ఒత్తండి. తడి మీద అద్దితే రంగు జారిపోయి ముద్ర గుండ్రటి మచ్చలా వస్తుంది. "మాకు ఆకారం రాలేదండీ" అన్నవాళ్ళలో ఎక్కువమంది చేసిన తప్పు ఇదే.

ఇక్కడ నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. మొదటిసారి మా అక్క కూతురితో ఇది చేసినప్పుడు, "బెండకాయకు అయిదు మూలలుంటాయి, దాన్ని పంచభుజి అంటారు" అని ముందే చెప్పేశాను. ఆ పిల్ల పది కాయలకూ ముద్రలు వేసింది. చూస్తే కాగితం మీద ఎనిమిదే ఉన్నాయి. మిగతా రెండు ముక్కలేవని అడిగితే ప్లేటు కింద నుంచి తీసి, "ఇవి తప్పు బెండకాయలు మామయ్యా" అంది. ఒకదానికి ఆరు మూలలున్నాయి, ఇంకోదానికి ఏడు. నేను చెప్పిన సంఖ్యకు సరిపోలేదని కాయలనే దాచేసింది పాపం.

అప్పట్నుంచి పేరూ సంఖ్యా ముందు చెప్పడం మానేశాను. ముందు తడమడం, తర్వాత ఊహించడం, తర్వాత కోయడం, లెక్కపెట్టడం. పేరు చివర్న. బెండలో ఎక్కువ కాయలకు అయిదు, కొన్నిటికి ఆరో ఏడో ఎనిమిదో ఉంటాయి. ఎన్ని కాయలకు ఎన్ని మూలలో నిలువు గీతలు గీసి పట్టిక వేయించండి.

అయిదే ఎందుకని అడిగే పిల్లలుంటారు. కాయ అడుగున పువ్వు ఉండేది కదా, ఆ పువ్వునే చూపించండి. బెండ పువ్వు పసుపు రంగు, నడిమధ్య ముదురు వంకాయ రంగు, అయిదు రేకలు. కాయ లోపలి అరలు ఆ పువ్వు నుంచి వచ్చినవే.

2. మిగతా కూరగాయలు

బీరకాయ అయితే చాకు కూడా అక్కర్లేదు, గట్లు లెక్కపెడితే పది. బీర పువ్వుకు మాత్రం అయిదే రేకలు. రెండూ పక్కపక్కన పెట్టి ఊరుకోండి, ఏమీ అనకండి. రెట్టింపని కనిపెట్టడం వాళ్ళ వంతు.

కీరదోసను అడ్డంగా కోస్తే గింజలు మూడు గుంపులుగా ఉంటాయి. అరటిపండుది ఇంకా తమాషా. తొక్క తీసి, ఒక కొసన నడిమధ్యలో వేలు పెట్టి మెల్లగా నొక్కండి, పండు నిలువునా మూడు పాయలుగా విడిపోతుంది. పండు మెత్తగా ఉంటేనే వస్తుంది, పచ్చిగా ఉంటే విరిగి చేతికొస్తుంది. నిమ్మకాయను అడ్డంగా కోస్తే సైకిల్ చక్రం, నిలువుగా కోస్తే ఏ చక్రమూ లేదు. ఆపిల్‌ను కూడా మనం ఎప్పుడూ నిలువుగానే కోస్తాం, అందుకే లోపలున్న అయిదు కొసల నక్షత్రం చాలా ఇళ్ళలో ఎవరూ చూసి ఉండరు.

జాగ్రత్త: పదేళ్ళలోపు పిల్లల చేతికి కత్తిపీట, పదును చాకు ఇవ్వకండి. కోత మీది, ఎటు కోయాలో నిర్ణయం వాళ్ళది.

3. కాడలను వేళ్ళతో చూడటం

చెట్ల కాడలన్నీ గుండ్రంగా ఉంటాయని పెద్దవాళ్ళం కూడా అనుకుంటాం. పుదీనా కట్టలోంచి ఒక రెమ్మ తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి తిప్పండి. టకటకమని నాలుగుసార్లు తగులుతుంది. చదరపు కాడ! తులసి లేత కొమ్మ కూడా అంతే. (ఆదివారం తులసి తుంచకూడదని నాయనమ్మ అంటే గొడవ పెట్టుకోకండి, పుదీనా ఉందిగా.) చేలగట్ల మీద, కాలవ ఒడ్డున పెరిగే తుంగ కాడ తిప్పితే మూడుసార్లే తగులుతుంది. బ్లేడుతో అడ్డంగా కోసి చూపించండి, త్రిభుజం.

నల్లేరు నాలుగు పలకలుగా ఉంటుంది, అద్భుతంగా కనిపిస్తుంది. కానీ రసం తగిలితే దురద. పచ్చడి చేసేవాళ్ళు చేతికి నూనె రాసుకుని కోసేది అందుకే. పిల్లలకు దూరం నుంచి చూపించండి, చాలు.

4. పూలు: రేకల లెక్క, అద్దం పరీక్ష

రాలిన పూలు ఏరించండి, కోయించకండి. రేక మందారం, నందివర్ధనం, బిళ్ళగన్నేరుకు అయిదు రేకలు. నూరువరహాల గుత్తిలో ఒక్కో చిన్న పువ్వుకు నాలుగు. వానకు పూసే లిల్లీలకు ఆరు. పారిజాతం తెల్లారేసరికి తనే రాలి ఉంటుంది, రేకలు అయిదు నుంచి ఎనిమిది దాకా మారతాయి కాబట్టి లెక్కల పట్టికకు అంతకంటే మంచి పువ్వు లేదు. ముద్ద మందారం, ముద్ద నందివర్ధనం పనికిరావు, లెక్క తేలదు.

లెక్క అయ్యాక అద్దం తీయండి. పువ్వును బల్ల మీద పరిచి, దాని నడిమధ్యన అద్దాన్ని నిలువుగా నిలబెట్టండి. ఎదురుగా ఉన్న సగం, అద్దంలో కనిపించే సగం కలిసి అసలు పువ్వులా ఉన్నాయా? నూరువరహాలకు ఉంటాయి. శంఖుపుష్పానికి ఒకే ఒక్క గీత దగ్గర ఉంటాయి, అద్దం కాస్త తిప్పితే వింత జంతువు తయారవుతుంది. పిల్లలు నవ్వి నవ్వి చస్తారు. ఇక నందివర్ధనం. అయిదు రేకలూ చక్కగా ఉన్నాయి కదా, అద్దం పెడితే మాత్రం ఎక్కడా కుదరదు. రేకలన్నీ గాలిమరలా ఒకే వైపు వంకర తిరిగి ఉంటాయి, అద్దంలో ఆ వంకర ఎదురు తిరుగుతుంది.

"ఐతే ఇది అందంగా లేదా?" అని అడిగాడు ఒక బుడతడు. వాడికి ఇలా చూపించాను: పువ్వును ట్రేసింగ్ పేపర్ కింద పెట్టి గీయించి, మధ్యలో గుండుసూది గుచ్చి, కాగితాన్ని మెల్లగా తిప్పించాను. రేకు తర్వాత రేకు మీదికి గీత వచ్చి కూర్చుంది. పూర్తి చుట్టు తిరిగేలోపు అయిదుసార్లు. కొన్ని ఆకారాలు అద్దానికి లొంగుతాయి, కొన్ని తిప్పితేనే లొంగుతాయి. బడిలో దీన్ని సౌష్ఠవం అంటారు. ఆ మాట ఇప్పుడు కాదు, ఎనిమిదో మెట్టులో.

జాగ్రత్త: గన్నేరు, ఉమ్మెత్త విషం. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం. జిల్లేడు పువ్వు మధ్యలో కిరీటం లాంటి అయిదు పలకల బొడిపె చూడముచ్చటగా ఉంటుంది నిజమే, కానీ తుంచి చేతికి ఇవ్వకండి. పని అయ్యాక సబ్బుతో చేతులు కడిగించండి.

5. చదరం కోసం ఉప్పు

త్రిభుజం దొరికింది, పంచభుజి దొరికింది. చదరం కోసం చెట్టూ పుట్టా తిరిగితే కాడల్లో తప్ప అంతగా దొరకదు. అది ఉప్పు డబ్బాలో ఉంది.

100 మిల్లీలీటర్ల వేడినీళ్ళలో సుమారు 40 గ్రాముల రాళ్ళ ఉప్పు వేసి కలపండి. అడుగున కాస్త కరగకుండా మిగిలితే సరిగ్గా కుదిరినట్టు. చల్లారాక పల్చటి గుడ్డలో వడకట్టి, నల్ల ప్లేటులో పల్చగా, చిటికెన వేలి గోరంత లోతున పోయండి. నీడలో, ఎవరూ కదపని చోట పెట్టండి. రెండు మూడు రోజుల్లో చిన్న చిన్న చదరపు పలుకులు తేలతాయి. భూతద్దంలో చూస్తే కొన్నిటి మీద మూల నుంచి మూలకు ఇంటూ గుర్తు లాంటి గీతలు కూడా కనిపిస్తాయి. మూల కాగితం పెట్టి చూడమనండి. ఎన్ని పలుకులు చూసినా 90 డిగ్రీలే. బెండకాయలా ఇక్కడ మినహాయింపులు లేవు.

తొందరపడి ఎండలో పెట్టకండి. నేను పెట్టాను, సాయంత్రానికి తెల్లటి పొడి మిగిలింది, అంతే. వానాకాలంలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి అసలు ఆరదు, ఆ నెలల్లో ఈ మెట్టు దాటేయండి. ఒడ్డు ప్రాంతాల వాళ్ళకు, ముఖ్యంగా నౌపడ, చినగంజాం వైపు వాళ్ళకు ప్లేటుతో పనే లేదు. ఉప్పుమళ్ళ గట్టు మీద నిలబడి దోసెడు ఉప్పు చూస్తే చాలు.

6. బయటికి వెళ్ళినప్పుడు

పొద్దున్నే, ఏడులోపు అయితే సాలెగూడు మీద మంచు బిందువులుంటాయి, దారాలు స్పష్టంగా కనిపిస్తాయి. చక్రంలా ఉన్న గూడు వెతకండి. "గుండ్రాలు ఉన్నాయి" అంటారు పిల్లలు. ఒక గుండ్రం ఎంచుకుని, గూడు తగలకుండా, గాలిలో వేలితో దాని వెంట పొమ్మనండి. మొదలుపెట్టిన చోటికి తిరిగి రారు, ఒక వరస లోపలికి వచ్చేస్తారు. వృత్తమైతే మొదలైన చోటే మూసుకుంటుంది, ఇది జంతిక చుట్టలా లోపలికి పోతోంది. నత్తగుల్ల మీద కూడా ఇదే పరీక్ష.

ఇసుక కుప్ప దొరికితే పిడికిట్లోంచి సన్నగా జారవిడవమనండి. గోపురంలా లేస్తుంది. వాలు ఎంత ఉందో అట్టముక్క పక్కన పెట్టి గీసి, ఆ గీత వెంట కత్తిరించుకోండి. ఇప్పుడు ఇంకా ఇసుక పోయండి, కుప్ప రెండింతలైనా అట్టముక్క వాలు అలాగే సరిపోతుంది. ఆవాలతో, బియ్యంతో పోస్తే వాలు మారుతుంది. కళ్ళంలో వడ్ల రాశి చూసిన పిల్లలకు ఇది వేరే చెప్పక్కర్లేదు. పొడి ఇసుకలో గరాటు లాంటి గుంటలు తవ్వుకుని చీమల కోసం కాచుకునే చిన్న పురుగు కూడా ఇదే వాలును వాడుకుంటుంది, తలకిందులుగా. తడి ఇసుకతో మాత్రం ఇవేవీ కుదరవు.

మట్ట మధ్యాహ్నం మామిడి చెట్టు కిందకు తీసుకెళ్ళండి. నీడలో ఎండ బిళ్ళలు బిళ్ళలుగా పడుతుంది. తల ఎత్తి ఆకుల సందులు చూస్తే ఒక్కటీ గుండ్రంగా లేదు. మరి కింద బిళ్ళలు ఎందుకు గుండ్రంగా ఉన్నాయి? ఒక అట్టకు మూడు మిల్లీమీటర్ల త్రిభుజం కన్నం పెట్టి, ఎండలో నేలకు దగ్గరగా పట్టుకోండి, కింద త్రిభుజం పడుతుంది. మెల్లగా పైకెత్తుతూ పోండి. చెయ్యి చాచి తలపైకి, రెండు మీటర్ల ఎత్తుకు తెచ్చేసరికి గుండ్రటి బిళ్ళ అయిపోతుంది, సుమారు రెండు సెంటీమీటర్ల వెడల్పున. ఆ గుండ్రం కన్నానిది కాదు, సూర్యుడి బొమ్మ అది. 2019 డిసెంబర్ 26న సూర్యగ్రహణం రోజు చెట్ల కింద బిళ్ళలన్నీ నెలవంకలైపోయాయి. ఏ రోజైనా సరే, పిల్లలు చూడాల్సింది నేలను, సూర్యుణ్ణి కాదు. ఇది రెండుసార్లు చెప్పండి.

ఎండిన చెరువు, నల్లరేగడి చేను ఉన్న ఊళ్ళలో పగుళ్ళు చూపించవచ్చు. కొత్తగా ఎండిన బురదలో ఒక పగులు వెళ్ళి ఇంకో పగుల్ని తాకిన చోట మూల కాగితం పెట్టండి, చాలాచోట్ల సరిపోతుంది. ఏళ్ళ తరబడి తడుస్తూ ఎండుతూ ఉండే చోట మూడు పగుళ్ళు ఇంగ్లీషు వై అక్షరంలా కలుస్తాయి, పలకలు ఆరు మూలల వైపు మొగ్గుతాయి. చెరువు లోపలికి మాత్రం దిగకండి, పైన ఎండినట్టున్నా కింద బురద ఉండొచ్చు. పగుళ్ళలో చేతులు పెట్టనివ్వకండి, తేళ్ళుంటాయి.

7. తేనెపట్టు జోలికి పోకుండా షడ్భుజి

పట్టు దగ్గరికి, కందిరీగల గూడు దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్ళవద్దు. ఖాళీగా కనిపించినా సరే. తేనె అమ్మేవాళ్ళ దగ్గర పిండేసిన పట్టు ముక్క అడిగితే ఇస్తారు, అది చాలు.

అంతకంటే ముందు రూపాయి బిళ్ళలు తీయండి. ఒకదాన్ని మధ్యలో పెట్టి, చుట్టూ దాన్ని తాకేలా ఎన్ని పడతాయో అడగండి. నాలుగని, ఎనిమిదని అంటారు. పెట్టి చూస్తే సరిగ్గా ఆరు, సందు లేకుండా. బిళ్ళలన్నీ ఒకే సైజువి కావాలి, పాత రూపాయీ కొత్త రూపాయీ కలిపితే లెక్క చెడుతుంది.

తర్వాత ముగ్గు. సందు చుక్కలు, 7 నుంచి 4 వరకు పెట్టించండి. మధ్యలో 7, పైనా కిందా 6, 5, 4. మొత్తం 37 చుక్కలు. బయటి చుక్కలు కలిపితే షడ్భుజి. బిళ్ళలు కూర్చున్న పద్ధతీ చుక్కలు కూర్చున్న పద్ధతీ ఒకటే అని మా వీధిలో మొదట గుర్తుపట్టింది పిల్లలు కాదు, వాకిట్లో నిలబడి చూస్తున్న వాళ్ళ అమ్మమ్మ.

8. ఇప్పుడు పేర్లు

త్రిభుజం, చతురస్రం, పంచభుజి, షడ్భుజి, వృత్తం, గోళం, శంకువు (ఇసుక కుప్ప ఆకారం), సౌష్ఠవం. ముద్రలూ బొమ్మలూ పరిచి, ఒక్కోదానికి పేరు రాయించండి. ఇంగ్లీషు మీడియం పిల్లలైతే రెండు పేర్లూ రాయించండి. ఇక్కడ బాగా జరిగే పొరపాటు ఒకటి: నిమ్మకాయను వృత్తం అంటారు. నిమ్మకాయ గోళం లాంటిది, కోసిన ముఖం వృత్తం. చేతికి ఒకటి, ముద్రకు ఒకటి ఇస్తే తేడా తెలుస్తుంది.

ఎక్కడ చెడుతుంది?

అన్నిటికంటే ఎక్కువగా చెడేది పెద్దవాళ్ళ తొందర వల్ల. పిల్లాడు "ఆరు" అనగానే "సరిగ్గా చూడు" అంటాం. ఆరే ఉండొచ్చు. మీరు కూడా లెక్కపెట్టండి.

రెండోది, "ప్రకృతిలో అన్నిటికీ ఒకే బంగారు నిష్పత్తి" అనే వీడియోలు. పొద్దుతిరుగుడు గింజల చుట్టలు లెక్కపెడితే 34, 55 వంటి సంఖ్యలు నిజంగానే తరచుగా వస్తాయి. అనాసపండు మీద 8, 13 వస్తాయి. ఇవన్నీ 1, 2, 3, 5, 8, 13 అంటూ, ముందున్న రెండూ కలిపితే తర్వాతిది వచ్చే వరసలోవి. ఆ వరసలో పక్కపక్క సంఖ్యల నిష్పత్తి (సుమారు 1.618) దగ్గరపడేదే బంగారు నిష్పత్తి. చుక్క పెట్టుకుంటూ లెక్కపెట్టనివ్వండి, బాగుంటుంది. కానీ నూరువరహాల నాలుగు రేకలు ఆ వరసలో లేవు. లేదని చెప్పడానికి మొహమాటపడకండి.

అమెరికాలోనో, చలి దేశాల్లోనో ఉన్నవాళ్ళు తుంగకూ నల్లేరుకూ బెంగపడక్కర్లేదు. పైన్ చెట్టు కాయ అడుగు వైపు తిప్పి చుట్టలు లెక్కపెట్టండి. మంచు పడేటప్పుడు నల్ల కోటు చేతి మీద రేణువును పట్టి చూస్తే ఆరు కొసలు. కోటు ముందే బయట చల్లబడి ఉండాలి, లేకపోతే చూసేలోపు కరుగుతుంది.

వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?

పేర్లు అప్పజెప్పించకండి. వారం తర్వాత రెండు టమాటాలు ఇవ్వండి, ఒకటి కోలగా ఉండే హైబ్రిడ్, ఒకటి గట్లు గట్లుగా ఉండే నాటు రకం. కోయకముందు లోపలి బొమ్మ గీయమనండి. హైబ్రిడ్‌లో మామూలుగా రెండో మూడో గదులుంటాయి, నాటుదాంట్లో ఇంకా ఎక్కువ. బొమ్మ సరిపోవాల్సిన పనిలేదు. గీసే ముందు కాయను చేతిలో తిప్పి తడిమారా? "అడ్డంగానా, నిలువుగానా?" అని మిమ్మల్ని అడిగారా? ఆ ప్రశ్న వచ్చిందంటే వచ్చేసినట్టే. రాకపోతే రెండో మెట్టు ఇంకో కూరగాయతో మళ్ళీ చేయండి.

చార్టు కూడా అడిగారు కదా. ముద్రలు, బెండకాయల పట్టిక, ముగ్గు అంటించండి. ఆరు మూలల ముద్రను మధ్యలో పెట్టండి. రంగు అద్దని బెండకాయ ముక్కలు వేపుడుకి పనికొస్తాయి. అద్దినవి ఎంత కడిగినా సరే, చెత్తబుట్టకే.